రాత కూడా రెక్కల కష్టమే
(చదువుకుంటూనే కలంతో నాలుగు రూపాయలు సంపాదించుకోవడం ఎలా?)



మన వసతిగృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టారు. ఏం రాయాలా అని మేము ముగ్గురం ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకున్నాం. "క్రమశిక్షణ", "కాలం విలువ" లాంటివి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము చదువుకునే రోజుల్లో మాకు ఎవరూ చెప్పని విషయం రాద్దామనుకున్నాం. అదే, చదువు మానకుండా రాతపనితో సంపాదించుకోవడం. దీన్నే ఇప్పుడు ఫ్రీలాన్స్ రచన అంటున్నారు. ఒకచోట జీతానికి కుదరకుండా, ఎవరికి కావలసిన రాత వారికి రాసిచ్చి, రాసినదానికి ప్రతిఫలం తీసుకోవడం అన్నమాట.

మాలో ఒకరిది పాలకొండ వైపు, ఒకరిది చీపురుపల్లి వైపు, ఇంకొకరిది టెక్కలి వైపు. ముగ్గురి ఇళ్ళలోనూ కూలిపనే ఆధారం. హైస్కూలు హాస్టల్లో ఉన్నప్పుడు కాస్మెటిక్ ఛార్జీలు సబ్బుకు వస్తే నూనెకు వచ్చేవి కావు. డిగ్రీకి విజయనగరం వచ్చాక తిండికి, పడకకు లోటు లేదు గానీ పరీక్ష ఫీజు, బస్సు ఛార్జీ, ఒక మంచి పుస్తకం అంటే ఇంటివైపు చూడాల్సి వచ్చేది. ఇంటివాళ్ళు మావైపు చూసేవారు. అలాంటప్పుడు మాకు చేతనైన పని ఒక్కటే కనిపించింది. ముగ్గురి చేతిరాతా బాగుండేది.

మొదటి సంపాదన, మొదటి తప్పు

దాచకుండా చెబుతున్నాం. మా మొదటి సంపాదన రికార్డులు రాసిపెట్టడం. బయట గదుల్లో ఉండి చదువుకునే డబ్బున్న కుర్రాళ్ళు ప్రాక్టికల్ రికార్డులు మాకిచ్చేవారు. పేజీకి ఇంత అని లెక్క. రాత్రి స్టడీ అవర్స్ అయ్యాక ట్రంకు పెట్టె మీద దిండు వేసుకుని రాసేవాళ్ళం. ఒక నెలలో మూడు వందల రూపాయలు వచ్చేసరికి మేమే గొప్పవాళ్ళం అనుకున్నాం.

ఒకరోజు ల్యాబులో మాస్టారు నాలుగు రికార్డులు పక్కపక్కనే పెట్టి, మమ్మల్ని పిలిచారు. నాలుగింటిలోనూ ఒకే చేతిరాత! ఆయన తిట్టలేదు. "ఇంత శ్రమపడి ఇతరుల అబద్ధానికి కూలి తీసుకుంటున్నారు. ఆ శ్రమేదో మీ పేరు కింద చెయ్యకూడదా?" అన్నారు. ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. తమ్ముళ్ళూ, ఇప్పటికీ రికార్డులు, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు రాసిపెట్టమని డబ్బు చూపించేవాళ్ళు ఉన్నారు. అది రాతవ్యాపారం కాదు. అందులో మీకు పేరు రాదు, అనుభవం రాదు, పట్టుబడితే పరీక్షకే ముప్పు. మొదటి నియమంగా దీన్ని రాసుకోండి.

మన ఊళ్ళలో మనకంటే ముందు నడిచినవారు

రాయడం పెద్దింటివాళ్ళ పని అనే భయం మాకూ ఉండేది. ఆ భయం పోగొట్టింది మన విజయనగరమే. గురజాడ అప్పారావు గారు తండ్రి పోయాక విజయనగరం వచ్చి చదువుకున్నారు. మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆయనకు ఉచితంగా బసా, భోజనం ఏర్పాటు చేశారు. హాస్టల్లో అన్నం తిని చదువుకునే మనకు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఆయన విద్యార్థిగా ఉండగానే ఇంగ్లీషులో 'సారంగధర' అనే కావ్యం రాశారు. అది 1883లో 'ఇండియన్ లీజర్ అవర్' అనే పత్రికలో వచ్చింది. తరువాత కలకత్తాలోని 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దాన్ని తన పత్రికలోనూ వేసి, సొంత భాషలో రాయమని ప్రోత్సహించారు. 1884లో గురజాడ హైస్కూలు ఉపాధ్యాయుడిగా చేరితే జీతం నెలకు 25 రూపాయలు. 'కన్యాశుల్కం' నాటకం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. చదువు, తరువాత ఉద్యోగం, వాటి పక్కనే రాత. ఆయన దారి ఇలాగే సాగింది.

గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడకు సహాధ్యాయి. ఆయనకూ చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్ అవగానే పర్లాకిమిడిలో టీచరుగా చేరి, పై చదువులు ప్రైవేటుగా చదువుకున్నారు. పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళకోసం పుస్తకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. పుస్తకాల తెలుగు వేరు, జనం తెలుగు వేరు అన్న రోజుల్లో జనం మాటే రాతలోకి రావాలని పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఈ ఇద్దరి పేర్లూ పూలదండల కోసం తీసుకురాలేదు. డబ్బిచ్చి రాయించుకునేవాడు దేనికోసం ఇస్తాడు? చదివినవాడికి వెంటనే అర్థం కావడం కోసం. గిడుగు వారు పోరాడిన ఆ తేట తెలుగే ఈ పనిలో మన పెట్టుబడి. అది కొనక్కర్లేదు, మన ఇళ్ళలోనే ఉంది.

ఏం రాస్తే డబ్బు వస్తుంది?

రాత అంటే కథ, కవిత మాత్రమే అనుకోకండి. మాకు తెలిసినంతలో ఈ పని నాలుగు రకాలు.

ఒకటి, పత్రికలకు రాయడం. కథలు, వ్యాసాలు, ఊళ్ళ విశేషాలు. కానీ ఈ దారి మునుపటికంటే ఇరుకైంది. ఎందరో రచయితలకు మొదటి పారితోషికం ఇచ్చిన 'చందమామ' ఆగిపోయింది. 'విపుల', 'చతుర' 2021లో ఆగిపోయాయి. కాబట్టి ఒక్క పత్రికలనే నమ్ముకోకూడదు. విలేఖరిగా చేరే ముందు కూడా బాగా ఆలోచించండి. గ్రామీణ విలేఖరులకు అచ్చైన వార్త కొలతను బట్టి ఇచ్చే డబ్బు పెట్రోలుకు చాలదు. ప్రకటనలు తెమ్మంటే, ఆ ఒత్తిడిలో రాత పక్కదారి పడుతుంది.

రెండు, మాటకోసం రాయడం. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి ఉంది. మా రోజుల్లో ప్రసంగం ఎంపికైతే కాంట్రాక్టు కాగితం వచ్చేది, సంతకం పెట్టి పంపితే తరువాత చెక్కు వచ్చేది. ఇప్పుడు యూట్యూబ్ ఛానళ్ళకు, చిన్న ప్రకటనలకు మాటలు రాసేవాళ్ళు కావాలి. వినడానికి రాసేటప్పుడు వాక్యం చిన్నదిగా ఉండాలి. రాసింది పైకి చదివి, ఎక్కడ ఊపిరి ఆగితే అక్కడ విరవాలి.

మూడు, అనువాదం. ఇంగ్లీషు కరపత్రాలు, స్వచ్ఛంద సంస్థల శిక్షణ పుస్తకాలు తెలుగులోకి తేవాలి. ఒరియా సరిహద్దు ఊళ్ళ పిల్లలకు రెండు భాషలూ వస్తాయి. సవర పిల్లలకు కొండ భాష వస్తుంది. అది లోటు కాదు, ఇతరులకు లేని ఆస్తి.

నాలుగు, ఊరి అవసరాలు. మాకు ఎక్కువ డబ్బు వచ్చింది ఇక్కడే. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీల మీద మాటలు, బడి సావనీర్లు, ఉద్యోగ విరమణ సన్మాన పత్రాలు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజులు వచ్చాయంటే విజయనగరం ప్రెస్సుల్లో పని నిండుగా ఉంటుంది. మూడు లాంతర్ల దగ్గర ఒక డి.టి.పి. సెంటరు ఆయన మాకు ప్రూఫులు దిద్దే పని ఇచ్చారు. ఒత్తులు, దీర్ఘాలు తప్పు లేకుండా దిద్దగలిగితే చాలు, మళ్ళీ పిలుస్తారు. ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. చాలా ప్రెస్సుల్లో అను ఫాంట్లతో పని చేస్తారు. మీరు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసింది అక్కడ మార్చుకోవాలి. మార్చినప్పుడు అక్షరాలు చెదురుతాయి. కాబట్టి చివరి ప్రూఫు మీరే చూడండి.

ఉచితంగా రాయాల్సినవీ ఉన్నాయి

కలెక్టరేటు దగ్గర సోమవారం చూస్తే చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళూ ఫ్రీలాన్స్ రచయితలే. ఒక సోమవారం మాలో ఒకరు పెన్షను ఆగిపోయిన ఒక ముసలమ్మకు అర్జీ రాశారు. "మహారాజశ్రీ" అంటూ మొదలుపెట్టి ఒక పేజీ నింపి చదివి వినిపిస్తే, ఆమె "బాబూ, ఇందల నా గోడేటీ నేదు కదా! నాను సెప్పినట్టే రాయి" అంది. మళ్ళీ రాశాం. పేరు, ఊరు, ఏ నెలనుంచి డబ్బు రాలేదు, ఎవరిని ఎన్నిసార్లు అడిగింది, ఇప్పుడు ఏం కావాలి. మొత్తం ఎనిమిది వాక్యాలు. రాయడం ఎలాగో మాకు ఏ పుస్తకమూ అంత బాగా నేర్పలేదు. ఆమె పది రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. పేదవాడి అర్జీకి, హాస్టల్ పిల్లల దరఖాస్తుకు డబ్బు తీసుకోకూడదని ఆ రోజే అనుకున్నాం. లాభం కోసం రాయించుకునేవాడి దగ్గర మాత్రం మొహమాటం పడకూడదు.

రేటు కట్టడం

"నాలుగు ముక్కలు రాయడానికి డబ్బేమిటి బాబూ?" అనే మాట మీరు తప్పకుండా వింటారు. దానికి జవాబు లెక్కలో ఉంది. ఒక కొట్టుకు కరపత్రం రాయాలంటే వెళ్ళి చూడడానికి గంట, రాయడానికి గంటన్నర, దిద్దడానికి అరగంట, ప్రూఫు చూడడానికి గంట. మొత్తం నాలుగు గంటలు, అంటే సగం రోజు పని. మీ ఊళ్ళో సగం రోజు కూలి ఎంతో మీ అమ్మానాన్నలను అడగండి. దానికి బస్సు ఛార్జీ, నెట్ ఖర్చు కలపండి. అంతకంటే తక్కువకు ఒప్పుకుంటే మీరు నష్టానికి పని చేస్తున్నట్టే. మొదట్లో ఒకటి రెండు పనులు నమూనా కోసం తక్కువకు చెయ్యవచ్చు. కానీ ఆ సంగతి ముందే చెప్పి చెయ్యండి. చెప్పకుండా తగ్గిస్తే ఆ తగ్గిందే మీ రేటు అయి కూర్చుంటుంది.

నోటిమాట చాలదు

ఒక కోచింగ్ సంస్థ మాచేత ఇరవై నాలుగు పేజీల పుస్తకం రాయించుకుంది. సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు కూడా వెళ్ళకుండా రాశాం. "చూద్దాం, మీరు మన కుర్రాళ్ళే కదా" అంటూ మూడు నెలలు తిప్పారు. పుస్తకం అచ్చయింది, పంచారు, మాకు రూపాయి రాలేదు. మా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు. తప్పు వాళ్ళదే అయినా పాఠం మాది.

ఆ తరువాత ఈ పద్ధతి పెట్టుకున్నాం. పని మొదలుపెట్టకముందే ఐదు సంగతులు రాతలో ఉండాలి: ఏం రాయాలి, ఎన్ని పేజీలు, ఏ తేదీకి, ఎంత డబ్బు, ఎన్నిసార్లు దిద్దిపెట్టాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇప్పుడైతే వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకున్నా ఆధారంగా ఉంటుంది. సగం డబ్బు ముందు, మిగతా సగం పని అప్పగించేటప్పుడు. ముందు సగం ఇవ్వనివాడు తరువాత మొత్తం ఇస్తాడని నమ్మడం కష్టం.

పద్దెనిమిదేళ్ళు నిండని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటి గమనించాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్లు చేసే ఒప్పందం చెల్లదు. మీరు పత్రికలకు, పోటీలకు రాయండి. డబ్బుతో కూడిన ఒప్పందాలు మాత్రం ఇంటి పెద్దల ద్వారానే జరగాలి. ఆడపిల్లలు పని మాట్లాడడానికి తెలియనిచోటుకు ఒంటరిగా వెళ్ళవద్దు. తోడు తీసుకువెళ్ళండి, వార్డెన్ మేడం గారికి చెప్పి వెళ్ళండి. మగపిల్లలకూ ఇదే మాట.

రాసినవాడి హక్కు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాడే ఆ రాతకు మొదటి యజమాని. జీతానికి ఉద్యోగిగా రాస్తే లెక్క వేరు. స్వతంత్రంగా రాసినవాడి హక్కు, అతడు రాసి ఇస్తే తప్ప, పోదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళకే అని చట్టం భావిస్తుంది. ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే. రచయిత జీవితకాలం, ఆ తరువాత అరవై ఏళ్ళు ఈ హక్కు ఉంటుంది. కాబట్టి "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న కాగితం కనిపిస్తే సంతకానికి ముందు రెండుసార్లు చదవండి. అలాగే ఇతరుల రాత ఎత్తి మీ పేరు పెట్టుకుంటే ఇదే చట్టం మీ మీదకు వస్తుందని మరవకండి.

లెక్కల పుస్తకం

రెండు రూపాయల నోటుబుక్కుతో మొదలుపెట్టాం. తేదీ, పని, ఎవరికి, ఒప్పుకున్నది, వచ్చినది, రావలసినది. ఆరు గళ్ళు. ఇది లేకపోతే ముగ్గురు స్నేహితుల మధ్య మూడు నెలల్లో తగాదా వస్తుంది. మాకూ ఒకసారి వచ్చింది, పుస్తకం తీసి చూసుకున్నాక పోయింది. సొంత పేరున బ్యాంకు ఖాతా, పాన్ కార్డు ఉంచుకోండి. పెద్ద సంస్థలు రచయిత ఫీజు ఒక పరిమితి దాటితే పన్ను ముందే మినహాయిస్తాయి. పాన్ ఇవ్వకపోతే మరింత ఎక్కువ మినహాయిస్తాయి. మన ఆదాయం పన్ను కట్టేంత లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు.

చదువే ముందు

మేము రెండో సంవత్సరంలో రాతపని మోజులో పడి, మాలో ఒకరం ఒక పేపరు పోగొట్టుకున్నాం. సప్లిమెంటరీ ఫీజు ఆ సెమిస్టరు సంపాదనను మింగేసింది. అప్పటినుంచి మూడు కట్టుబాట్లు: రోజుకు గంటన్నర మించకూడదు. స్టడీ అవర్స్‌లో ముట్టుకోకూడదు. పరీక్షలకు నెల ముందు కొత్త పని ఒప్పుకోకూడదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు, అదే ఏడాది ఆగిన చదువు పూర్తి చెయ్యడానికి మళ్ళీ లండన్ వెళ్ళారు. నోరులేనివారి తరఫున రాయడం ఎంత అవసరమో, డిగ్రీ చేతికి రావడం కూడా అంతే అవసరమని ఆయనకు తెలుసు.

యంత్రం రాస్తుంటే మనమెందుకు?

ఈ మధ్య ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఫోనులో ఒక మాట చెబితే పేజీ తెలుగు అదే రాసేస్తోంది. ఇంక మాకు పని ఎవరిస్తారు?" అని. నిజమే, మామూలు కరపత్రం, తేలిక అనువాదం ఇక ముందంత పని ఇవ్వవు. కానీ తేలినీలాపురం చెట్ల మీద వలస కొంగలు దిగినప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు ఏమనుకుంటారో అక్కడికి వెళ్ళి అడిగినవాడికే తెలుస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న ఇంట్లో వారానికి ఎన్నిసార్లు డయాలసిస్‌కు బస్సెక్కుతారో, పలాస జీడిపప్పు బట్టీలో చేతివేళ్ళు ఎందుకు నల్లబడతాయో, మనం వెళ్ళి చూసి రాస్తేనే వస్తుంది. యంత్రం రాసినదాన్ని సరిచూడడానికి కూడా భాష వచ్చినవాడే కావాలి. కాబట్టి బాగా చదవండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచిన కథానిలయం ఉంది. బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసిన ఆయన, తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము దానికే పెట్టారు. తెలుగు కథలూ, పాత పత్రికలూ అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక సెలవురోజు వెళ్ళి చూడండి. విజయనగరంలో గురజాడ వారి ఇల్లు కూడా చూడండి.

చివరిమాట

మా మొదటి కథకు ఒక వారపత్రిక నూట యాభై రూపాయలు మనియార్డరు పంపింది. మాలో ఒకరు ఆ డబ్బు ఇంటికి తీసుకువెళ్ళి నాన్న చేతిలో పెట్టారు. ఇటుకబట్టీల్లో, మేస్త్రీల కింద ఇరవై ఏళ్ళు వలసపని చేసిన మనిషి. ఆయన నోట్లు లెక్కపెట్టి, "ఇది ఏ పనికి కూలిరా?" అని అడిగారు. కథ రాస్తే ఇచ్చారని చెప్పాం. "నిజమేటి? ఏటి రాసినావు?" అన్నారు. ఆయన మీదే రాశామని చెప్పలేకపోయాం. పత్రిక తెరిచి, కింద ఉన్న పేరు మాత్రం వేలు పెట్టి చూపించాం. చదవడం రాని ఆయన ఆ పేరు మీద తన వేలు కూడా పెట్టి కాసేపు అలాగే ఉంచారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పని చేసి కూలి అడగడం మన ఇళ్ళలో ఎవరికీ సిగ్గు కాదు. రాతకూ అంతే. నిజం రాయండి, మీ పేరుతో రాయండి, రాసినదానికి అడగండి. వచ్చే ఏడాది ఈ సంచికలో మీ వ్యాసం కోసం ఎదురుచూస్తూ ఉంటాం.

— మీ పూర్వ విద్యార్థులు